సిక్లిడ్స్ కొట్టుకుంటున్నాయా? ముందు ట్యాంక్ ఎదురుగా ఓ అరగంట కూర్చోండి

ట్యాంక్‌లో ఒక చేప హీటర్ వెనకాల నీటి పైభాగాన మూలకి నక్కి, రెక్కలు దగ్గరకి ముడుచుకుని, రంగు వెలిసిపోయి కనిపిస్తే చాలామంది దానికి జబ్బు చేసిందనుకుంటారు, వెంటనే ఏదో మందు తెచ్చి నీళ్ళలో పోసేస్తారు. సిక్లిడ్స్ అంటే ఎక్కువగా ఆఫ్రికా, అమెరికా ఖండాల నీళ్ళలో ఉండే, చోటు కోసం పోట్లాడుకునే ఒక చేపల కుటుంబం, వీటి ట్యాంక్‌లో అయితే చాలాసార్లు అది జబ్బు కాదండి, ఆ చేపని ఇంకో చేప కిందకి దిగనివ్వట్లేదు, అంతే. నేనూ మొదట్లో ఇలాగే మందు వేశా. నాలుగడుగుల ట్యాంక్, ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు, అందులో ఎల్లో ల్యాబ్ అనే పసుపు సిక్లిడ్ ఒకటి రెండు రోజులుగా హీటర్ వెనకాలే ఉంది, తిండి వేసినా రాదు. మూడో రోజు సాయంత్రం కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చుని చూస్తే అప్పుడు అర్థమైంది. ఆ ల్యాబ్ ఒక్క అడుగు కిందకి దిగగానే ఎడమవైపు రాళ్ళ సందులోంచి కెన్యీ అనే ఇంకో రకం సిక్లిడ్ మగ చేప బాణంలా వచ్చి పొట్ట పక్కన గుద్ది మళ్ళీ సందులోకి వెళ్ళిపోతోంది, మొత్తం రెండు సెకన్లు కూడా పట్టట్లేదు. మనం నడుచుకుంటూ వెళ్తూ ట్యాంక్ వంక చూస్తే అది కనపడదు.

అందుకే నేను ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే, ఏమీ మార్చకండి, ఏమీ కొనకండి, ముందు చూడండి. మూడు విషయాలు తేలాలి. ఎవరు తరుముతున్నారు, ఎవరిని తరుముతున్నారు, ఎక్కడిదాకా తరిమి ఆగుతున్నారు. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు కానీ అసలు సమాచారం అంతా అందులోనే ఉంది. ఒక చేప ఫలానా రాయి దాటగానే వెనక్కి తిరిగిపోతోందంటే అక్కడిదాకా దాని ఇలాకా అన్నమాట, అది తన చోటు కాపాడుకుంటోంది. ఎక్కడా ఆగకుండా ట్యాంక్ ఈ చివర నుంచి ఆ చివరదాకా వెంటపడుతోందంటే మొత్తం ట్యాంక్ తనదే అనుకుంటోంది, లేదా ఎదుటి చేప పారిపోవడానికి చోటే లేదు. ఈ రెండింటికీ చేయాల్సిన పనులు వేరు.

చూసేటప్పుడు ఏది మామూలు గొడవ, ఏది ప్రమాదం అనేది కూడా తెలియాలి. సిక్లిడ్స్ నేరుగా కొట్టుకోవు, ముందు బెదిరించుకుంటాయి. పక్కపక్కన నిలబడి రెక్కలన్నీ విప్పి ఒళ్ళు పెద్దగా చూపించడం, తోకతో నీళ్ళని ఎదుటిదాని మీదకి కొట్టడం, మొప్పలు ఉబ్బించడం ఇవన్నీ కాలు దువ్వడం లాంటివే. తర్వాత నోట్లో నోరు పెట్టి పట్టుకుని తోసుకుంటాయి, కొత్తవాళ్ళు ఇది చూసి ముద్దు పెట్టుకుంటున్నాయి అనుకుంటారు, కాదు, బలం తేల్చుకుంటున్నాయి. ఇక్కడిదాకా కంగారు పడక్కర్లేదు, ఒకటి తగ్గి తోక తిప్పుకుని వెళ్ళిపోతే కథ అయిపోయింది. ఓడిపోయిన చేప రంగు తగ్గించుకుని రెక్కలు ముడుచుకుని పక్కకి వెళ్తుంది, గెలిచింది దాన్ని వదిలేస్తుంది. సరస్సులోనో నదిలోనో అయితే ఓడిన చేప అవతలికి ఈదుకుంటూ పోతుంది, మన ట్యాంక్‌లో నాలుగడుగులు పోతే అద్దం వస్తుంది, అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. గెలిచిన చేప కంటికి ఓడినది ఇంకా ఎదురుగానే కనిపిస్తోంది, అంటే ఇది ఇంకా పోలేదు, మళ్ళీ తరమాలి. తోక చిరిగిపోవడం, పొలుసులు ఊడి తెల్ల మచ్చలు కనపడటం, రెండు రోజులు తిండి మానేయడం, పైన మూలలో వేలాడినట్టు నిలబడిపోవడం, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా ఇక ఆలస్యం చేయొద్దు, ఆ రోజే ఏదో ఒకటి చేయాలి.

ఇప్పుడు నా కెన్యీ దగ్గరకి వస్తా, ఎందుకంటే చాలా సంగతులు దాంట్లోనే ఉన్నాయి. కెన్యీ పిల్లలు చిన్నప్పుడు అన్నీ నీలంగా ఉంటాయి. ఆడవి అలాగే నీలంగా ఉండిపోతాయి, మగవి పెద్దయ్యేకొద్దీ పసుపు రంగుకి మారతాయి. నేను తెచ్చినప్పుడు అన్నీ చిన్న నీలం చేపలు, ఎల్లో ల్యాబ్స్‌తో కలిసి ఏ గొడవా లేకుండా తిరిగేవి. కొన్ని నెలలకి వాటిలో ఒకటి నెమ్మదిగా పసుపెక్కింది, ఎంత బాగుందో అని మురిసిపోయా కూడా, ఆ తర్వాతే ల్యాబ్స్ మీద పడటం మొదలైంది. సిక్లిడ్‌కి తన జాతి మగ చేపే పెద్ద శత్రువు, తిండికి పోటీ, ఆడవాటికి పోటీ, చోటుకి పోటీ అన్నీ దాంతోనే కాబట్టి తన రంగులో, తన ఆకారంలో ఉన్న చేప ఏది కనపడినా దాన్ని కూడా అదే లెక్కలో వేసేస్తుంది. పసుపు మగ కెన్యీకి పసుపు ల్యాబ్ కంట్లో నలుసు అయిపోయింది. ట్యాంక్‌లోకి చేపలు ఎంచుకునేటప్పుడు అందుకే ఒకే రంగు, ఒకే రకం చారలు ఉన్న రెండు జాతులు కలపకండి, నీలం చారలది ఒకటి ఉంటే రెండోది పసుపో ఎరుపో తీసుకోండి. అలాగే చిన్నప్పటి రంగు చూసి కాదు, పెద్దయ్యాక మగ ఎలా ఉంటుంది ఆడ ఎలా ఉంటుంది అని తెలుసుకుని తెచ్చుకోండి.

మగ ఆడ లెక్క కూడా అంతే ముఖ్యం. మబునా అంటే మలావీలో రాళ్ళ మధ్య బతికే చేపలు, వీటిలో ఒక మగ చేపకి కనీసం మూడు నాలుగు ఆడవి ఉండాలి. ఒక మగ ఒక ఆడ పెడితే అది జత అనుకుంటాం మనం, కానీ ఇవి జత కట్టే రకం కాదు, ఆ ఒక్క ఆడదాన్నే రోజంతా తరిమి తరిమి చంపేస్తుంది. నాలుగు ఉంటే ఆ వేధింపు నలుగురికీ పంచబడుతుంది. రెండు మగవి పెడితే ఇంకా కష్టం, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటారు కదా, చిన్న ట్యాంక్‌లో ఆరటస్ అనే మబునావో కెన్యీవో రెండు మగ చేపలు పెడితే అక్షరాలా అదే జరుగుతుంది. డెమసోని అనే మబునా అయితే ఇంకో లెక్క, అది పెంచితే పన్నెండు అంతకంటే ఎక్కువ పెంచాలి, ఐదారు తెస్తే ఒక్కొక్కటే తగ్గిపోతూ చివరికి ఒకటి మిగులుతుంది.

ట్యాంక్‌ని నింపేయడం అనే పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. చేపలు ఎక్కువుంటే ఎవరినీ ప్రత్యేకంగా గురిపెట్టలేవు, కోపం చెదిరిపోతుంది అని. మబునాకి ఇది పని చేస్తుంది, నిజమే, కానీ దాని వెనకాల ఫిల్టర్ బలంగా ఉండాలి, నీళ్ళు క్రమం తప్పకుండా మార్చాలి, చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. ఇవి చూసుకోకుండా ఊరికే చేపల సంఖ్య పెంచేస్తే కొట్లాటతో పోయేవి కాస్తా చెడ్డ నీళ్ళతో పోతాయి. ఇదే సూత్రం ఆస్కార్, కాన్విక్ట్, జాక్ డెంప్సీ లాంటి అమెరికా ఖండాల చేపలకి పట్టుకొచ్చి వాడొద్దు. వాటికి కావాల్సింది గుంపు కాదు, చోటు.

చోటు అంటే ఎంత? లీటర్లు ఒక్కటే చూడకండి, అడుగున పొడవు వెడల్పు ఎంత ఉందో చూడండి. ఎత్తుగా సన్నగా ఉన్న ట్యాంక్‌లో నీళ్ళు ఎన్ని పట్టినా అడుగున చోటు ఉండదు, ఈ చేపలు పంచుకునేది అడుగునే. మబునాకి నాలుగడుగుల పొడవు, దాదాపు 200 లీటర్లు అనేది నేను మొదలుపెట్టడానికి చెప్పే సైజు. ఆస్కార్ ఒక్కటే 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, దానికి ఒక్కదానికే 280 లీటర్లు అవసరం. 2011లో రొనాల్డ్ ఓల్డ్‌ఫీల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మైడాస్ అనే రకం సిక్లిడ్స్ మీద చేసిన పరిశోధన బయటికి వచ్చింది, ఇళ్ళల్లో వాడే సైజు ట్యాంకుల్లో సైజు కొంచెం పెంచినా చేపల సంఖ్య కొంచెం మార్చినా దూకుడులో పెద్ద తేడా రాలేదు, బాగా పెద్దదిగా ఉండి లోపల రకరకాల అడ్డులు, దాక్కునే చోట్లు ఉన్న ట్యాంక్‌లోనే తగ్గింది. మూడడుగుల నుంచి మూడున్నర అడుగులకి మారి గొడవ ఎందుకు తగ్గలేదు అని బాధపడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పెద్ద ట్యాంక్ అందరికీ కుదరదు, అది నాకు తెలుసు, కానీ రాళ్ళు సర్దడం మన చేతుల్లో ఉంది, దీని మీద ఒక పూట ఖర్చు పెట్టడం మాత్రం మానకండి. చాలామంది మధ్యలో ఒక అందమైన రాళ్ళ గుట్ట పెట్టి రెండువైపులా ఖాళీ వదిలేస్తారు, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ గుట్ట ఎవరి చేతికి చిక్కితే ట్యాంక్ మొత్తం దాని పెత్తనమే, పైన కూర్చుంటే రెండు చివరలూ కనిపిస్తాయి. దానికి బదులు రెండో మూడో గుట్టలు చేసి, అవి నీటి ఎత్తులో సగం పైకి లేచేలా పెట్టి, ఒక చివర నుంచి చూస్తే రెండో చివర కనపడకుండా చేయండి. మీరు కింద కూర్చుని మీ కన్ను చేప ఎత్తుకి తెచ్చి అద్దంలోంచి పొడవునా చూడండి, అవతలి చివర కనిపిస్తోందంటే చేపకీ కనిపిస్తోంది. గుహలు చేపల సంఖ్య కంటే ఎక్కువ ఉండాలి. ప్రతి గుహకీ రెండు దారులు ఉండాలి, ఇది చాలా మంది మర్చిపోతారు, ఒకే దారి ఉన్న గుహ దాక్కునే చోటు కాదు, ఉచ్చు, లోపల దూరిన చేపని బయట కాపు కాసి కొడతాయి. రాళ్ళు నేరుగా ట్యాంక్ అడుగు అద్దం మీద పెట్టి తర్వాత ఇసుక పోయండి, ఇసుక మీద రాళ్ళు పెడితే ఇవి కింద తవ్వేసి గుట్టని కూల్చేస్తాయి. పైన మూలల్లో కూడా కాస్త మరుగు ఉంటే మంచిది, తేలే మొక్కలో, ఒక పొడవాటి చెక్క ముక్కో, ఎందుకంటే దెబ్బలు తిన్న చేప పారిపోయేది పైకే.

డిథర్ ఫిష్ అని ఒక మంచి ఉపాయం ఉంది. పైభాగంలో గుంపుగా చురుగ్గా తిరిగే చేపలు, జెయింట్ డానియోలు, రెయిన్‌బోలు, పెద్ద ట్యాంక్ అయితే సిల్వర్ డాలర్స్, ఇలాంటివి వేస్తే అవి భయం లేకుండా తిరగడం చూసి పిరికి చేపలు బయటికి వస్తాయి, రౌడీ చేప వాటి వెంట పడి అలిసిపోతుంది, అవి దొరకవు. నీళ్ళ లక్షణం సరిపోయేవి మాత్రమే ఎంచుకోండి. నోట్లో పట్టే సైజు చేపలు వేస్తే మాత్రం అవి తిండి అయిపోతాయి.

ఇక గుడ్ల సంగతి. రోజూ సాధువులా ఉండే చేప ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు అయితే మొదట వెతకాల్సింది గుడ్లే. కాన్విక్ట్ జత గుడ్లు పెట్టిందంటే తమకంటే మూడు రెట్లు పెద్ద చేపని కూడా మూలకి తోసేస్తాయి. గుడ్లు దాదాపు మూడు రోజుల్లో పగులుతాయి, ఇంకో నాలుగైదు రోజులకి పిల్లలు ఈదడం మొదలుపెడతాయి, అప్పుడు ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే పిల్లల మంద కదిలే కొద్దీ కాపలా హద్దు కూడా కదులుతుంది. ఈ టైమ్‌లో రాళ్ళు కదిపి లాభం లేదు, ట్యాంక్ మధ్యలో ఒక డివైడర్, అంటే అడ్డుపలక పెట్టి మిగతా చేపల్ని అవతలికి మార్చండి, లేదా జతనే వేరే ట్యాంక్‌కి. ఏంజెల్‌ఫిష్ కూడా ఇంతే, ఆరు పిల్లలు తెచ్చి పెంచితే వాటిలో ఒక జత తనంతట తను ఏర్పడుతుంది, ఆ రోజు నుంచి మిగతా నాలుగింటికీ ఆ ట్యాంక్‌లో బతుకు కష్టం, వాటికి చోటు ముందే ఆలోచించి పెట్టుకోండి. నోట్లో గుడ్లు మోసే మలావీ చేపల్లో వేరే బాధ, ఆడ చేప మూడు వారాలు అటూ ఇటూగా గుడ్లూ పిల్లలూ నోట్లో పెట్టుకుని దాదాపు ఏమీ తినకుండా ఉంటుంది, మగది మాత్రం వదలదు, వెంటపడుతూనే ఉంటుంది. గొంతు కింద ఉబ్బి, నోరు నములుతున్నట్టు కదులుతూ, తిండికి రాకుండా ఉంటే అది మోస్తోంది అని అర్థం, నెమ్మదిగా వేరే చిన్న ట్యాంక్‌కి మార్చండి. పిల్లల్ని వదిలాక వెంటనే వెనక్కి వేయకుండా ఓ వారం మంచి తిండి పెట్టి ఒళ్ళు చేశాకే పంపండి, నీరసంగా వెళ్తే మొదటి దెబ్బకే పడిపోతుంది.

నీళ్ళు మార్చడానికీ కొట్లాటకీ సంబంధం ఉందంటే నేను కూడా మొదట నమ్మలేదు. ఈ చేపలు కళ్ళతోనే కాదు, వాసనతో కూడా హోదా తెలుసుకుంటాయి, మొజాంబిక్ తిలాపియా అనే సిక్లిడ్ మగ చేపలు గొడవ పడేటప్పుడు మూత్రం ద్వారా నీళ్ళలోకి సంకేతాలు వదులుతాయని పరిశోధనల్లో తేలింది. ఏంజెల్‌ఫిష్ మీద చేసిన ఒక ప్రయోగంలో పావు వంతు నీళ్ళు మార్చినప్పటి కంటే సగం మార్చినప్పుడు దూకుడు ఎక్కువైంది. ఎవరు పెద్ద ఎవరు చిన్న అనే లెక్క నీళ్ళతో పాటు పోయి మళ్ళీ మొదటినుంచి తేల్చుకోవాల్సి వస్తోంది అన్నమాట. అలా అని నీళ్ళు మార్చడం మానకండి, దయచేసి. ఒకేసారి సగం పైగా మార్చే బదులు పావు వంతు చొప్పున వారానికి రెండుసార్లు మార్చండి. వేడి కూడా చూసుకోండి, 28, 29 డిగ్రీలకి వెళ్తే చేపలు ఇంకా ఉరుకులు పరుగులు మీద ఉంటాయి, మలావీ చేపలకి 24 నుంచి 26 చాలు.

తిండి ఒకే మూలలో వేయకండి, బలమైనది అక్కడే కాపలా కాస్తుంది. ట్యాంక్ రెండు చివరలా ఒకేసారి వేయండి, రోజుకి ఒకసారి ఎక్కువ వేసే బదులు రెండు మూడు సార్లు కొంచెం కొంచెం. ఆకలి తీర్చేస్తే కొట్లాట పోతుంది అనుకుని ఎక్కువ మాంసకృత్తులు పెట్టే వాళ్ళని చూశా, నాచు తినే మబునాకి అది పొట్ట ఉబ్బే జబ్బు తెస్తుంది.

కొత్త చేపని వేసేటప్పుడు పాత చేపల కంటికి అది చొరబాటుదారు. ఒక్కటే వేయకండి, కుదిరితే మూడు నాలుగు కలిపి వేయండి, సైజు ఉన్నవాటికి దగ్గరగా ఉండాలి. ముందు వేరే ట్యాంక్‌లో మూడు నాలుగు వారాలు ఉంచి జబ్బులు లేవని చూసుకోండి. వేసే రోజు పాత రాళ్ళన్నీ తీసి మళ్ళీ వేరేగా సర్దండి, అప్పుడు పాతవాటికీ ఇల్లు కొత్తే, అన్నీ చోటు వెతుక్కునే పనిలో పడతాయి. కొంచెం తిండి వేసి లైట్ ఆపేసి అప్పుడు వదలండి, పొద్దున దాకా లైట్ వేయొద్దు. మొత్తం ట్యాంక్ కొత్తగా పెడుతుంటే మెత్తని చేపలు ముందు, గట్టివి చివర.

ఇవన్నీ చేసినా ఒక చేప ఆగకపోతే తీయాల్సింది దెబ్బలు తిన్నదాన్ని కాదు, కొట్టేదాన్ని. జాలి కొద్దీ మనం దెబ్బలు తిన్నదాన్నే తీస్తాం, అప్పుడు రౌడీ చేప ఇంకొకదాన్ని పట్టుకుంటుంది, పైగా తన చోటు ఇంకా గట్టిపడుతుంది. గాయాలు ఉంటే రెండింటినీ తీయండి. గాయపడిన దానికి శుభ్రమైన నీళ్ళు, మసక వెలుతురు, దాక్కోవడానికి ఒక గొట్టం ముక్క, లీటరుకి ఒకటి రెండు గ్రాముల ఉప్పు, చాలావరకు ఇవి సరిపోతాయి, గాయం మీద దూదిలా తెల్లగా వస్తే మాత్రం మందు కావాలి. రౌడీ చేపని వారం పది రోజులు విడిగా ఉంచి, ఈలోపు రాళ్ళు మార్చి, తర్వాత రాత్రి పూట వదిలితే అది కొత్తగా వచ్చినట్టే అవుతుంది. ఒక హెచ్చరిక, పెద్దది పోయాక రెండోది లేస్తుంది. ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సులో ఉండే బర్టోని అనే సిక్లిడ్ మీద పరిశోధనల్లో చూశారు, పెద్ద మగదాన్ని తీసేస్తే అప్పటిదాకా మసగ్గా నక్కి ఉన్న మగ చేప నిమిషాల్లోనే రంగు తేలి పెత్తనం మొదలుపెడుతుంది. ఇదే చేపల మీద 2007లో వచ్చిన ఇంకో పని నాకు చాలా ఇష్టం, ఇవి పక్కవాళ్ళ కొట్లాటలు చూసి ఎవరు ఎవరికంటే బలమో లెక్క కట్టగలవట. మీ ట్యాంక్‌లో కూడా అద్దం వెనక నిలబడి మీతో పాటు ఆ గొడవ చూస్తున్న చేపలు ఉన్నాయి.

కొన్నింటికి మాత్రం ఒంటరితనమే మేలు. ఫ్లవర్‌హార్న్, రెడ్ డెవిల్ అనే సిక్లిడ్స్‌లో పెద్ద మగవి, వీటికి తోడు వెతికి చేపల్ని బలి ఇవ్వకండి, ఒక్కటే పెంచితే మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరకి వచ్చి నిలబడతాయి.

నా కెన్యీని పది రోజులు తీసి, గుట్టని మూడుగా చేసి, లైట్ ఆపాక వదిలా. పొద్దున చూస్తే ఎడమ రాళ్ళ సందు ల్యాబ్స్ చేతిలో ఉంది, కెన్యీ చోటు కోసం తిరుగుతోంది. రెండు నెలలు బాగానే గడిచాయి, తరమడం ఉంది కానీ ఒక అడుగు దాటట్లేదు, హీటర్ వెనకాలకి ఎవరూ వెళ్ళలేదు. తర్వాత ఒక ఆడ కెన్యీ గుడ్లు నోట పట్టిన వారం ఆ మగది మళ్ళీ ల్యాబ్స్ వెంట పడింది, ఈసారి ఆలోచించలేదు, దాన్నీ నాలుగు ఆడవాటినీ వేరే ట్యాంక్‌కి మార్చేశా. పైన మూలలో వేలాడిన ల్యాబ్ తోక మళ్ళీ పూర్తిగా వచ్చింది, ఇప్పుడు తిండి డబ్బా మూత చప్పుడు వినగానే ముందుగా వచ్చేది అదే.